పాటలో తిట్టు, రిజిస్టర్‌లో పేరు



పోస్టు పొడుగ్గా ఉంటుంది, ముందే చెబుతున్నాం. రాత్రి తీరిగ్గా చదవండి. మేము తెనాలి, బాపట్ల, రేపల్లెలో చదువుకుంటున్న ఎరుకల, యానాది, సుగాలి పిల్లలం. రెండు నెలలుగా మాలో మేమే ఒక విషయం మీద వాదించుకుంటున్నాం. ఆ వాదన ఎక్కడ మొదలైందో, దాని కోసం ఎంత చరిత్ర తిరగేయాల్సి వచ్చిందో, చివరికి ఏ మాట దగ్గర ఆగామో మీ ముందు పెడుతున్నాం.

జరిగింది ఇది. ఒక కాలేజీలో ఫ్రెషర్స్ డే. కాలేజీ పేరు రాయం, ఇలాంటిది ఎక్కడైనా జరగొచ్చు కాబట్టి. స్టేజీ మీద ఒక సీనియర్ ఒక హిట్ పాట బాణీకి మాటలు మార్చి పాడాడు. ఒక్కో ఊరి మీద ఒక్కో చరణం. తెనాలి వాళ్లు కోతలరాయుళ్లనీ, రైలు రేపల్లెలో ఆగిపోయినట్టే రేపల్లె వాళ్ల బుర్ర కూడా అక్కడే ఆగిపోతుందనీ, ఇలా సాగింది. అందరూ పడీపడీ నవ్వారు. మేమూ నవ్వాం. తర్వాత స్టూవర్టుపురం చరణం వచ్చింది. ఆ ఊరి కుర్రాడు పక్కన కూర్చుంటే జేబులు తడుముకోండి, పెట్టెకి రెండు తాళాలు వేసుకోండి అన్నది దాని భావం. హాలంతా మావాడి వైపు తిరిగింది. వాడూ నవ్వాడు. నవ్వకపోతే ఏమంటారో వాడికి తెలుసు.

తొమ్మిది రోజుల తర్వాత హాస్టల్లో ఒకరి ఫోన్ కనబడలేదు. నలభై మంది ఉండే ఆ ఫ్లోర్‌లో మొదట తెరిచింది మావాడి ట్రంకు పెట్టె. తెరిచినవాడు ఆ చరణం కూనిరాగం తీస్తూ మరీ తెరిచాడు. ఫోన్ మర్నాడు పొద్దున, పోగొట్టుకున్నవాడి పరుపు కిందే దొరికింది. సారీ అని ఒక్కరూ అనలేదు. మావాడు హాస్టల్ ఖాళీ చేసి ఇప్పుడు ఇంటి నుంచి రైల్లో వచ్చి పోతున్నాడు.

అట్రాసిటీ కేసు పెట్టాల్సిందే అని మాలో కొందరన్నారు. "పాటే కదరా, పాటకు కేసేంటి, రేపు మన పాటల మీద కూడా పెడతారు" అని ఇంకొందరన్నారు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. మరి తిట్టు ఎక్కడ ఆగి ద్వేషం ఎక్కడ మొదలవుతుంది? ఆ గీత ఎక్కడుంది? అది వెతుక్కుంటూ వెళ్తే మా తాతల దగ్గర తేలాం.

నవ్వుకు మేము పగవాళ్లం కాదు

ముందు ఒక మాట. ఈ నేల ఎకసెక్కాలకు పెట్టింది పేరు. వికటకవి పేరులోనే తెనాలి ఉంది. పెళ్లిళ్లలో వియ్యాలవారి పాటలు మనందరం విన్నవే. వియ్యపురాలి ముక్కు దగ్గర నుంచి నడక దాకా దేన్నీ వదలకుండా ఏకిపారేస్తారు. రాసి చూస్తే అందులో సగం బూతే. కానీ పాట అయ్యాక రెండు పక్షాలూ ఒకే పంక్తిలో కూర్చుని భోంచేస్తాయి. తర్వాతి పెళ్లిలో పాడే వంతు రెండో పక్షానిది. ఆ పాట విని పోలీసులు ఎవరింటికీ రారు.

మన మీద కూడా పాటలున్నాయి. పాత కొరవంజి, యక్షగానాల్లో సింగి, సింగడు అని ఒక జంట వస్తారు. సింగి ఎరుక చెప్పే మనిషి. వాళ్ల యాసనూ, కట్టునూ, మొగుడూ పెళ్లాల తగువునూ చూపించి జనాన్ని నవ్విస్తారు. మనకది కొంచెం గుచ్చుకునేదే. అయితే అదే ఆటలో నాయిక తన మనసులో ఉన్నది తేల్చుకోవడానికి సింగి ముందే చెయ్యి చాపుతుంది. తిరుమల కథలోనైతే సాక్షాత్తూ శ్రీనివాసుడే ఎరుకలసాని వేషం వేసుకుని ఆకాశరాజు ఇంటికి సోది చెప్పడానికి వెళ్తాడు. అంటే ఆ పాటల్లో మన మీద నవ్వూ ఉంది, మన మాట మీద నమ్మకమూ ఉంది. అప్పటికి తిట్టు ఇంకా తిట్టుగానే ఉంది.

ఉప్పు ఎరుకల ఎవరు?

మన పెద్దల్ని అడగండి, ఎరుకల్లో ఎన్ని శాఖలో చెబుతారు. దబ్బ ఎరుకల వెదురు బుట్టలు అల్లేవాళ్లు. కరివేపాకు ఎరుకల ఆకు అమ్మేవాళ్లు. ఉప్పు ఎరుకల ఉప్పు మోసేవాళ్లు. తీరంలో ఉప్పు ఎద్దుల మీద, గాడిదల మీద వేసుకుని లోపలి ఊళ్లకు తీసుకెళ్లడం, అక్కడి ధాన్యం ఇటు తేవడం. ఇది దొంగల బతుకు కాదు, వర్తకుల బతుకు. శాఖ పేరే దానికి సాక్ష్యం.

పంతొమ్మిదో శతాబ్దం రెండో సగంలో రైళ్లు వచ్చాయి. ఉప్పు మీద సర్కారు గుత్తాధికారం, పన్ను బరువు కూడా ఉన్నాయి. ఎద్దుల వర్తకం దెబ్బతింది. కొరవ, ఎరుకల జనం సంచారం మీద పరిశోధన చేసిన చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ ఈ సంగతి వివరంగా రాశారు. పని పోయాక కూడా ఊరూరా తిరిగేవాళ్లు తిరుగుతూనే ఉన్నారు. నిన్నటిదాకా ఉప్పు తెచ్చే మనిషిగా కనబడినవాడు ఇప్పుడు పని లేకుండా ఊళ్లోకి వచ్చిన అనుమానపు మనిషయ్యాడు.

ఇక్కడ మాటలు ఎలా నడిచాయో చూడండి. 1868లో కెప్టెన్ కార్ తెలుగు సామెతల సంపుటి అచ్చు వేయించాడు. కులాల మీద జనం వాడే ఎత్తిపొడుపు సామెతలు కూడా అందులోకి ఎక్కాయి. అప్పటికవి నోటి మాటలే. 1892లో ములాలీ అనే పోలీసు అధికారి మద్రాసు ప్రెసిడెన్సీలోని "నేరస్థ వర్గాల" గురించి ఒక పుస్తకం తెచ్చాడు. అందులో మన జాతి మొత్తం ఒక నేర పద్ధతిగా మారింది. 1909లో థర్‌స్టన్ ఏడు సంపుటాల్లో దక్షిణ భారత కులాలు, తెగల గురించి రాసినప్పుడు పోలీసు రాతలు అందులోకీ వచ్చాయి. పోలీసు రాసింది పండితుడి పుస్తకంలో చేరేసరికి శాస్త్రం అయిపోయింది. రెండేళ్లు తిరక్కుండా 1911లో క్రిమినల్ ట్రైబ్స్ చట్టం మద్రాసుకు వచ్చింది. 1871లో ఉత్తర భారతంలో మొదలైన చట్టమే అది.

సామెత, పోలీసు పుస్తకం, పండితుడి పుస్తకం, చట్టం. ఈ నాలుగు మెట్లు గుర్తుంచుకోండి, మళ్లీ వీటి దగ్గరికే వస్తాం.

గంట కొడితే హాజరు

ఆ చట్టం ఏం చేసిందో ఇప్పటి పిల్లలకు తెలియాలి. దొంగతనం చేసినవాణ్ణి పట్టుకోవడం దాని పని కాదు. ఒక తెగ మొత్తాన్ని నేరస్థ తెగగా ప్రకటించవచ్చు. ప్రకటించాక ఆ తెగవాళ్ల పేర్లు రిజిస్టర్‌లో ఎక్కుతాయి, వేలిముద్రలు తీసుకుంటారు. చెప్పిన వేళకు వెళ్లి హాజరు వేయించుకోవాలి. ఊరు దాటాలంటే చెప్పి వెళ్లాలి. సెటిల్‌మెంట్లలో పెట్టవచ్చు. పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి వేరు చేసి వేరే బడుల్లో ఉంచవచ్చు. కొన్ని నేరాల్లో రెండోసారి శిక్ష పడితే మిగతా జనానికి లేని బరువైన శిక్ష వేయవచ్చు.

1913-14 ప్రాంతంలో బాపట్లకూ చీరాలకూ మధ్య సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో స్టూవర్టుపురం సెటిల్‌మెంట్ వెలిసింది. మద్రాసు గవర్నరు కార్యనిర్వాహక మండలిలో హోం సభ్యుడైన హెరాల్డ్ స్టూవర్ట్ పేరు పెట్టారు. అంటే ఆ ఊరి పేరు మన పెద్దలు పెట్టుకున్నది కాదు, మనల్ని అక్కడ పెట్టినవాళ్లది. పొలం ఇచ్చారు, బడి పెట్టారు, అది అబద్ధం కాదు. చీరాలలో ఐ.ఎల్.టి.డి. పొగాకు కంపెనీకి కూలీలను పంపారు, అదీ అబద్ధం కాదు. సంస్కరణ అన్న మాట వెనక చౌకగా దొరికే చేతులున్నాయి, ఆ చేతులు పారిపోకుండా హాజరు పట్టీ ఉంది.

మద్రాసు రాష్ట్రం ఈ చట్టాన్ని 1947లో ఎత్తేసింది. దేశమంతటా 1952 ఆగస్టు 31న పోయింది. అందుకే ఆ రోజును విముక్త దినంగా జరుపుకుంటున్నాం. కానీ 1948లోనే మద్రాసులో అలవాటు నేరస్థుల చట్టం వచ్చింది. రిజిస్టర్ అట్ట మారింది. తర్వాత 1970ల నుంచి హేమలతా లవణం గారి లాంటివాళ్లు స్టూవర్టుపురంలో ఇల్లిల్లూ తిరిగి పనిచేశారు. జాషువా గారి అమ్మాయి ఆమె. ఆ ఊరి నుంచి టీచర్లు, ఉద్యోగులు, ఇంజనీర్లు వచ్చారు. వాళ్ల మీద పాటలు రాలేదు.

చట్టంలో "ద్వేషం" ఎవరి కోసం పుట్టింది?

ఇప్పుడు మా వాదనలో రెండో పక్షం మాట. పాట మీద కేసు అంటే భయం ఎందుకంటే ఆ కేసులు ముందు ఎవరి మీద పెట్టారో చూడండి.

1921లో చీరాల, పేరాల జనం మున్సిపాలిటీ పన్నుకు ఎదురు తిరిగి ఇళ్లు వదిలేసి రామనగరం కట్టుకున్నారు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారు ముందు నడిచారు. 1922 మొదట్లో బాపట్ల తాలూకాలోనే పెదనందిపాడు రైతులు శిస్తు కట్టబోమన్నారు. ఆ రోజుల్లోనే గరిమెళ్ల సత్యనారాయణ గారు తెల్లదొరల పాలన మీద రాసిన పాట ఆంధ్రదేశమంతా మారుమోగింది. ఆ పాటకు ఆయన్ను జైల్లో పెట్టారు. చదువుతుంటే మాకు ఒళ్లు పులకరించింది. తర్వాత ఇంకొకటి తట్టింది. పెదనందిపాడు రైతు శిస్తు ఎగ్గొట్టి వీరుడైన ఆ సంవత్సరమే, అదే తాలూకాలో మన తాతలు గంట కొడితే హాజరు వేయించుకుంటున్నారు. ఆ రెండు కథలూ ఒకే పుస్తకంలో మాకెప్పుడూ కనబడలేదు.

శిక్షాస్మృతిలో ద్వేషం అన్న మాట వయసు చూడండి. 1870లో 124ఎ వచ్చింది. ప్రభుత్వం మీద ద్వేషం పుట్టించడం నేరం. 1898లో 153ఎ వచ్చింది. వర్గాల మధ్య శత్రుత్వం పెంచడం నేరం. 1927లో 295ఎ. కావాలని మతాన్ని అవమానించడం నేరం. సర్కారుకు నొప్పి పుడితే చట్టం ఉంది, మతాలకు నొప్పి పుడితే చట్టం ఉంది. ఆ ఏళ్లన్నిటిలో ఒక జాతిని పుట్టుకతో దొంగలనడం నేరం కాకపోగా, అలా అనడమే చట్టంగా ఉంది.

మనకు చట్టం దొరికింది 1989లో, ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంతో. 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చిన సవరణతో అందులో 3(1)(యు) చేరింది. మాటలతోగానీ, రాతతోగానీ, సైగలతోగానీ, బొమ్మతోగానీ ఎస్సీ ఎస్టీల మీద శత్రుత్వం, ద్వేషం, దురభిప్రాయం పెంచడం నేరమని అది చెబుతుంది. 124ఎ తర్వాత నూట నలభై ఆరేళ్లు పట్టింది.

సినిమా వచ్చాక

మళ్లీ మన రైలెక్కుదాం. తెనాలిలో బయల్దేరితే చుండూరు, నిడుబ్రోలు, అప్పికట్ల, బాపట్ల, స్టూవర్టుపురం. 1991లో సినిమా హాల్లో ఒక దళిత యువకుడి కాలు ముందు సీటులోని అగ్రకులం కుర్రాడికి తగలడంతో రాజుకున్న గొడవ, ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితుల హత్య దాకా వెళ్లింది. 2007లో ఆ ఊళ్లోనే కూర్చున్న ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందరినీ విడుదల చేసింది. మన ప్రాంతంలో సినిమా హాలు అంటే ఊరికే చీకట్లో కూర్చుని నవ్వుకునే చోటు కాదని చెప్పడానికే ఇది గుర్తు చేస్తున్నాం.

అదే 1991లో స్టూవర్టుపురం పేరు పెట్టుకుని రెండు సినిమాలు వచ్చాయి. ఒకటి స్టూవర్టుపురం పోలీస్ స్టేషన్, రెండోది స్టూవర్టుపురం దొంగలు. కథల్లో మంచి ఉందా చెడు ఉందా అని మేము తీర్పు చెప్పడం లేదు. కానీ వాల్‌పోస్టర్ మీద ఊరి పేరు పక్కన ఏ మాట పడిందో చూడండి. మన ఊళ్ల పేర్లలో పోలీస్ స్టేషన్‌తోనో దొంగలతోనో తప్ప సినిమా పేరుగా పనికిరాని ఊరు అదొక్కటే అయ్యింది.

2023లో టైగర్ నాగేశ్వరరావు సినిమా టీజర్ వచ్చినప్పుడు మనవాళ్లు ఊరుకోలేదు. తమ జాతినీ ఊరినీ కించపరుస్తోందని ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు వెళ్లారు. ఆగస్టులో కోర్టు నిర్మాతకు నోటీసు ఇచ్చింది. సెన్సారు సర్టిఫికెట్ లేకుండా టీజర్ ఎలా వదిలారని అడిగింది. అది మంచి ప్రశ్న. ఇప్పుడు పాటైనా టీజరైనా హాలు కంటే ముందు ఫోన్‌లోకి వస్తోంది. సెన్సారు దగ్గరికి వెళ్లేసరికి కోటి మంది వినేసి ఉంటారు. సినిమా ఆ అక్టోబరులో విడుదలైంది.

పాటల సంగతి పోల్చి చూడండి. 2007లో ఆజా నచ్‌లే హిందీ సినిమా పాటలో చెప్పులు కుట్టే కులాన్ని చిన్నచూపు చూసే మాట ఉందని దళితులు అన్నారు. మాయావతి గారు ముఖ్యమంత్రిగా ఉన్న ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం సినిమాను ఆపింది. నిర్మాతలు క్షమాపణ చెప్పి ఆ మాట తీసేశారు. 2017లో దువ్వాడ జగన్నాథం సినిమాలో ఒక పాటలోని మాటల మీద బ్రాహ్మణ సంఘాలు అభ్యంతరం చెబితే, సినిమా విడుదల కాకముందే మాటలు మార్చారు. మార్చడం తప్పని మేము అనడం లేదు. వాళ్ల నొప్పి నొప్పే. కానీ రెండు చోట్లా ఒకటి కనబడుతుంది. మాట తీయించగలిగే బలం ఒక చోట అధికారంలో ఉంది, ఇంకో చోట పలుకుబడిలో ఉంది. ఆ రెండూ లేనివాళ్లు కోర్టు మెట్లెక్కాలి, అక్కడ తేదీల కోసం ఎదురు చూడాలి. పైగా పూజామంత్రం మాట పాటలో వాడితే ఒక బ్రాహ్మణ విద్యార్థి పెట్టెను ఎవరూ తెరవరు. మన ఊరి పేరు పాటలో వాడితే తెరుస్తారు. తెరిచారు కూడా.

దూరదేశాల రెండు పాటలు

గీత ఎక్కడుందో తెలుసుకోవడానికి బయటి దేశాలవి రెండు కేసులు చదివాం.

రువాండాలో 1994లో వంద రోజుల్లో ఎనిమిది లక్షల మందిని చంపారని ఐక్యరాజ్యసమితి అంచనా. ఎక్కువమంది టుట్సీలు. అక్కడ సిమోన్ బికిండి అనే పెద్ద గాయకుడు ఉండేవాడు. చరిత్రను ఒక పక్కకు తిప్పి చెప్పే అతని పాటలను ద్వేషం నూరిపోసే ఆర్టీఎల్‌ఎం రేడియో పదే పదే వేసింది. అంతర్జాతీయ ట్రిబ్యునల్ 2008 డిసెంబరు 2న అతనికి పదిహేనేళ్ల జైలు వేసింది. ఇక్కడ మేమందరం ఆగిపోయాం, ఎందుకంటే ఆ శిక్ష పాటలకు పడలేదు. పాటలు ద్వేషానికి వాడబడ్డాయని కోర్టు ఒప్పుకుంది. కానీ మారణకాండ సమయంలో మైకు కట్టిన బండిలో వెళ్తూ టుట్సీలను చంపమని పిలుపునిచ్చినందుకే శిక్ష వేసింది. పాటకూ పిలుపుకూ మధ్య కోర్టు అంత జాగ్రత్తగా గీత గీసింది.

దక్షిణాఫ్రికాలో ఇంకోటి. తెల్ల రైతుల మీద తుపాకీ ఎత్తే మాటలున్న పాత ఉద్యమ పాట ఒకటి ఉంది. జూలియస్ మలేమా దాన్ని సభల్లో పాడితే 2011లో కోర్టు అది ద్వేష ప్రసంగమే అంది. మళ్లీ కేసు నడిస్తే 2022లో ఇంకో జడ్జి కాదన్నారు. 2024లో అప్పీలు కోర్టు ఆ తీర్పునే నిలబెట్టింది. 2025లో రాజ్యాంగ కోర్టు ఇంకో అప్పీలు వినడానికి ఒప్పుకోలేదు. వర్ణవివక్ష మీద పోరాడిన చరిత్ర, రాజకీయ సభ అన్న సందర్భం తెలిసినవాడు ఆ పాటను నిజంగా చంపమన్న పిలుపుగా తీసుకోడని కోర్టులు చూశాయి.

రెండు కేసులూ పక్కపక్కన పెట్టుకుంటే తెలిసేది ఏమిటంటే, మాట ఎంత ఘాటుగా ఉంది అన్నది ఒక్కటే కొలత కాదు. ఎవరు పాడారు, ఎవరి మీద పాడారు, విన్నవాడి చేతిలో ఏముంది అన్నవి కూడా కొలతలే. మన లా కమిషన్ 2017లో ఇచ్చిన 267వ నివేదిక కూడా దాదాపు ఇదే చెప్పింది. మాట తీవ్రత, మాట్లాడినవాడి స్థాయి, బాధితుల స్థితి, సందర్భం అన్నీ చూడాలంది. 2014లో ప్రవాసీ భలాయీ సంఘటన్ కేసులో సుప్రీంకోర్టు ఇంకా సూటిగా చెప్పింది. ద్వేష ప్రసంగం ఒక గుంపును సమాజం దృష్టిలో తక్కువ చేసి, తర్వాత జరగబోయే దాడులకు నేల సిద్ధం చేస్తుందని.

నేల సిద్ధం చేయడం. సామెత నుంచి చట్టం దాకా నాలుగు మెట్లు అన్నాం కదా, అదే ఇది.

మేము ఆగిన చోటు

పాట విన్నప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోవాలని మాలో మేము ఒప్పుకున్నాం.

ఒకటి, పాట ఒక మనిషి చేసిన పనిని తిడుతోందా, లేక పుట్టుకను తిడుతోందా? వియ్యపురాలి నడకను తిట్టడం వేరు. ఆ ఊళ్లో పుట్టినవాడు దొంగే అనడం వేరు. 2024లో షాజన్ స్కరియా కేసులో సుప్రీంకోర్టు 3(1)(యు) గురించి ఇదే తేడా చూపింది. ఒక వ్యక్తిని తిడితే ఆ సెక్షన్ రాదు, ఎస్సీ ఎస్టీలను ఒక గుంపుగా చూపి ద్వేషం పెంచితేనే వస్తుంది. వ్యక్తిని నలుగురిలో కులం పేరుతో అవమానిస్తే 3(1)(ఆర్), 3(1)(ఎస్) వేరే ఉన్నాయి.

రెండు, తిట్టించుకున్నవాడికి తిరిగి పాడే వంతు ఉందా? రేపల్లె వాడు రేపు తెనాలి వాడి మీద పాడొచ్చు, చెల్లుకు చెల్లు. స్టూవర్టుపురం వాడు ఏ ఊరి మీద ఏం పాడితే ఆ ఊరివాళ్ల పెట్టెలు తెరుస్తారు?

మూడోదే అసలైనది. ఆ మాట వెనక రిజిస్టర్ ఉందా? అంటే, విన్నవాడు ఆ మాట నమ్మి ఏదైనా చేయగలడా? తలుపు వేయగలడా, అద్దెకు ఇల్లు లేదనగలడా, స్టేషన్‌కు పిలిపించగలడా, పెట్టె తెరవగలడా? చేయగలిగితే ఆ పాట గీత దాటినట్టే. పాడినవాడు సరదాకే పాడి ఉండొచ్చు. చట్టం ముందు అతని ఉద్దేశం చూస్తుంది, చూడాలి కూడా. కానీ పెట్టె తెరుచుకోవడానికి అతని ఉద్దేశంతో పని లేదు. 2024 అక్టోబరు 3న సుకన్య శాంత కేసులో సుప్రీంకోర్టు జైలు మాన్యువళ్లలో కులం చూసి పని పంచే నియమాలను కొట్టేసింది. విముక్త జాతులను పుట్టుకతోనే అలవాటు నేరస్థులుగా చూసే రాతలనూ కొట్టేసింది. చట్టం పోయిన డెబ్బై రెండేళ్లకు కూడా ఆ రాత ఎక్కడో అచ్చులో ఉండిపోయింది. పాటలో ఉండిపోవడంలో ఆశ్చర్యమేముంది?

ఈ మూడు ప్రశ్నలు మనకూ వర్తిస్తాయి. మన పాటలు కూడా ఘాటుగా ఉంటాయి, దొరను తిడతాయి, సర్కారును తిడతాయి. వాటి మీద కేసు పెట్టేవాళ్లు ఉంటారు. 2025 మార్చి 28న ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ కేసులో సుప్రీంకోర్టు ఒక కవిత మీద పెట్టిన ఎఫ్‌ఐఆర్ కొట్టేసింది. మాటల ప్రభావాన్ని గట్టి మనసున్న మామూలు మనిషి కొలతతో చూడాలి గానీ, ప్రతిదానికీ బెదిరే మనిషి కొలతతో కాదని చెప్పింది. ఆ తీర్పు మనకు గొడుగు. పంజాబ్‌లో గిన్నీ మాహీ తన కులం పేరునే గర్వంగా పాటకట్టి పాడింది. బయటివాడి నోట తిట్టైన మాట ఆమె నోట జెండా అయ్యింది. అందుకే నచ్చని ప్రతి పాటనూ ద్వేషం అని అరవొద్దు. అలా అరిస్తే నిజంగా పెట్టె తెరిచిన రోజు మన మాట ఎవరూ వినరు.

ఇంకో నిజం కూడా ఒప్పుకోవాలి. మా హాస్టళ్లలో మనవాళ్లే, అంటే ఎరుకల, సుగాలి పిల్లలే, రేపల్లె వైపు నుంచి వచ్చిన యానాది తమ్ముళ్లను ఎలుకల మీద, తిండి మీద పాటలు కట్టి ఏడిపించారు. అట్రాసిటీ చట్టం మన మధ్య వర్తించదు. సిగ్గు మాత్రం వర్తిస్తుంది. ఆ తమ్ముళ్లు ఈ పోస్టు రాయడంలో కూర్చున్నారు, ఈ పేరా ఉండాలని పట్టుబట్టింది వాళ్లే.

ఇక మావాడి సంగతి

కేసు పెడదామా అని చివరిసారి మావాణ్ణే అడిగాం. వద్దన్నాడు. "నా పేరు ఇంకో రిజిస్టర్‌లో ఎక్కడం నాకిష్టం లేదన్నా" అన్నాడు. ఆ మాట తర్వాత మాలో ఎవరూ వాడిని బలవంతపెట్టలేదు. రేపు ఇంకెవరైనా పెడతామంటే వాళ్ల వెంట స్టేషన్‌కు నడుస్తాం, అదీ వాళ్ల హక్కే.

ప్రిన్సిపాల్ గారికి మాత్రం రాతపూర్వకంగా అర్జీ ఇచ్చాం. రెండే అడిగాం. హాస్టల్లో ఏదైనా పోతే వార్డెన్ ముందు అందరి పెట్టెలూ చూడాలి, లేదా ఎవరిదీ చూడకూడదు. రెండోది, ఫోన్ ఎక్కడ దొరికిందో అదే ఆడిటోరియంలో మైకులో చెప్పాలి. మొదటిది ఒప్పుకున్నారు, నోటీసు బోర్డులో పెట్టారు. రెండోది ఇంకా చూద్దాం అంటున్నారు.

పాట పాడిన సీనియర్ ఒక సాయంత్రం ప్లాట్‌ఫారం మీదకు వచ్చి మావాడితో మాట్లాడాడు. "సినిమాల్లో చూసిందే పాడాన్రా, మీ ఊరు నేనెప్పుడూ చూడలేదు" అన్నాడు. "బాపట్ల నుంచి ఒక్క స్టేషనే అన్నా, ఎక్కు" అన్నాడు మావాడు. ఆ రోజు అతను ఎక్కలేదు. ఏదో ఒక రోజు వస్తానన్నాడు.

మీరందరూ ఒక సాయం చేయండి. మీ ఇంట్లో తాత, నాయనమ్మ, అమ్మమ్మ ఉంటే రెండు అడిగి ఫోన్‌లో రికార్డు చేయండి. ఉప్పు మోసిన రోజుల్లో, బుట్టలు అల్లేటప్పుడు ఏ పాటలు పాడుకునేవాళ్లు? హాజరు గంట గురించి వాళ్ల పెద్దలు ఏం చెప్పేవాళ్లు? మన గురించి రాసిన రిజిస్టర్లు సర్కారు దగ్గర భద్రంగా ఉన్నాయి. మన పాటలు ఆ ముసలివాళ్ల దగ్గరే ఉన్నాయి, వాళ్లు ఉన్నన్నాళ్లే ఉంటాయి. ఈ ఆగస్టు 31కి ఎన్ని వస్తే అన్ని ఇక్కడే పెడదాం.

జై ఏకలవ్య, జై ఆదివాసీ.